ఎవరూ విత్తని పసుపు

నేను సాలూరులో పుట్టి పెరిగాను. మా వీధి చివర నిలబడితే కొండలు కనిపించేవి. అయినా ఉద్యోగం వచ్చేదాకా ఆ కొండలు ఎక్కలేదు. మా నాన్న లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తా. చింతపండు, అడ్డాకులు వేసుకుని లారీలు కొండ దిగేవి. సంతరోజున కొండమీది మనుషులు దిగేవారు, పొద్దు వాలేలోగా ఎక్కిపోయేవారు. వాళ్ళ ఊళ్ళు ఎక్కడుంటాయని నేను ఎవరినీ అడిగిన గుర్తులేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. తరవాత తరగతిలో నేను చేసిన పొరపాటుకి అసలు కారణం ఇదే.

బి.ఎ.లో నాకు తెలుగు చెప్పిన పద్ధతి ఈనాటి పిల్లలకి చెబితే నవ్వుతారు. కవి పుట్టిన కాలం, ఊరు, తల్లిదండ్రులు, బిరుదులు, రాసిన పుస్తకాలు. ఆఖరున 'ఈయన శైలి మృదుమధురము' అని ఒక ముక్క. ఆ ముక్క ఏ కవికైనా సరిపోయేది. నోట్సు బట్టీ పట్టి, ఒక్క కవితయినా సరిగ్గా చదవకుండా ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. నాకు సాహిత్యం వచ్చని నేనూ నమ్మాను, మా ఇంట్లోవాళ్ళూ నమ్మారు.

ఆ నమ్మకం విశాఖపట్నంలో ఎం.ఎ. మొదటి రోజే పోయింది. మాకు విమర్శ పేపరు చెప్పే మాస్టారు అప్పటికే పెద్ద విమర్శకుడు. ఆయన ఒక పుస్తకం గురించి నాలుగు మాటలు రాస్తే ఆ కవి దశ తిరిగేదనీ, రాయకపోతే ఆ పుస్తకం అచ్చయినట్టే ఎవరికీ తెలిసేది కాదనీ చెప్పుకునేవారు. పొట్టిమనిషి. చొక్కా జేబు నిండా సుద్దపొడి. ఆ రోజు లోపలికొచ్చి, హాజరు కూడా తీసుకోకుండా, బోర్డు మీద ఆరు పంక్తులు రాశారు.

ఎవరూ విత్తని పసుపు
కొండ ఒడిలో ఒలికింది.
ఎవరి పెళ్ళో తెలియదు,
మంచు తెర పడుతోంది.
రైలు మలుపు తిరిగేలోగా
నేనొక్కణ్ణే చుట్టాన్ని.

"ఎవరు రాశారు మాస్టారూ?" అని అడిగాను. అడగడం నాకు అలవాటు, జవాబు రాసుకోవడానికి పెన్ను కూడా తీశాను.

"తెలిస్తే ఏం చేస్తావమ్మా?"

నేను పెన్నుకి మూత పెట్టేశాను.

"ఇక్కడ ఆరు పంక్తులున్నాయి. వీటి బయట ప్రపంచం లేదనుకో. కవి చచ్చిపోయాడనుకో, అసలు పుట్టనే లేదనుకో. ఇప్పుడు చదువు."

తరవాత గంటసేపు ఆయన ఆ ఆరు పంక్తుల్నే తిప్పి తిప్పి చూపించారు. పసుపు అంటే రంగు, పసుపు అంటే పెళ్ళి. పెళ్ళిలో వధూవరుల మధ్య తెర పట్టుకుంటారు, ముహూర్తానికి తీసేస్తారు. ఇక్కడ మంచు తెర తీయడం లేదు, పడుతోంది. అంటే ఈ పెళ్ళి మొదలుకాకముందే అయిపోతోంది. చూసేవాడు ఒక్కడే, వాడూ వెళ్ళిపోతున్నాడు. ఈ కవిత మొత్తానికి ఆయువుపట్టు 'విత్తని' అన్న మాటలో ఉందన్నారు. మనిషి చెయ్యి పడని అందం, ఎవరి కష్టమూ లేకుండా వచ్చిన అందం, అందుకే అంత తొందరగా పోతుంది. మాస్టారు సుద్దముక్క కింద పెట్టేసరికి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతవరకూ నేను చదివిందేదీ చదువు కాదనిపించింది.

మాస్టారూ ఆయన తరంవాళ్ళూ చేసిన పని చిన్నది కాదు. కవుల జాతకాల కింద కప్పబడిపోయిన కవితల్ని బయటికి తీశారు. ఆయన పాఠ్యప్రణాళికల సంఘంలో ఉన్నన్నాళ్ళలో ప్రశ్నపత్రం మారిపోయింది. 'కవి జీవిత విశేషాలు రాయుము' పోయి 'ఈ కవితలోని శిల్పాన్ని వివరించండి' వచ్చింది. ఆయన వ్యాసాలు చదవని ఊళ్ళలోకి కూడా ఆయన ప్రశ్న వెళ్ళింది. చాలామంది విద్యార్థులు విమర్శకుడి పుస్తకం ముట్టుకోరు. వాళ్ళకి విమర్శ పరిచయమయ్యేది పరీక్ష హాల్లో అచ్చుకాగితం మీదే. ఇది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నాకు ఉద్యోగం అరకు దగ్గరి ఒక డిగ్రీ కాలేజీలో వచ్చింది. నవంబరు వచ్చేసరికి మా తరగతి కిటికీ బయట కొండవాలంతా పసుపుపచ్చగా మెరిసిపోతోంది. వలిసెలు పూశాయి. మైదానంలో మేము వెర్రినువ్వులంటాం. చూడడానికి బస్సుల్లో జనం దిగుతున్నారు. నాకు మాస్టారు చెప్పిన కవిత గుర్తొచ్చింది, అది మా సిలబస్‌లోనూ ఉంది. అది ఈ కొండల గురించి రాసిందేనని మాస్టారు ఎప్పుడూ చెప్పలేదు, ఆయన పద్ధతిలో అది అనవసరం. నాకు మాత్రం ఆ రైలు మలుపు ఏదో, ఆ ఒడి ఏదో కళ్ళెదుట ఉంది. ఇంత తేలికగా పాఠం చెప్పే అవకాశం ఇంకెవరికి దొరుకుతుందని మురిసిపోయాను.

బోర్డు మీద ఆరు పంక్తులూ రాశాను. కవి పేరు రాయలేదు. మాస్టారి మాటలే, కొంచెం నా గొంతుతో, చెప్పుకుంటూ పోయాను. 'విత్తని' దగ్గరికి రాగానే కిటికీ పక్క బెంచీలో ఒక అమ్మాయి లేచింది. అప్పటివరకూ నోరు విప్పని పిల్ల. కాలేజీకి రెండు కొండల అవతల నుంచి వస్తుందని మాత్రం తెలుసు.

"మేడమ్, విత్తని అంటే ఏటి?"

"ఎవరూ జల్లనిది. దానంతటదే మొలిచింది."

"అవి వలిసెలు కదా మేడమ్."

"అవును."

"మా అమ్మ జల్లింది మేడమ్."

తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వి, మాస్టారు నేర్పిన మాట అన్నాను. "అది కవిత బయటి విషయమమ్మా. నువ్వు ముందు కవిత లోపలికి రా."

"లోపలికొస్తే మా అమ్మని వదిలేసి రావాలి మేడమ్" అని కూర్చుంది. కోపంగా అనలేదు. ఒక లెక్క సరిపోలేదని చెప్పినట్టు చెప్పింది.

పదిహేను రోజుల తరవాత ఇంటర్నల్ పరీక్షలో అదే కవిత ఇచ్చాను. మిగతావాళ్ళంతా నేను చెప్పింది తిరిగి రాశారు. కొందరు గైడులోంచి రాశారు, అందులోనూ అవే మాటలు. ఆ అమ్మాయి పేజీన్నర రాసింది. 'ఈ పసుపుని మేము వానాకాలం చివర జల్లుతాము. గింజ సన్నము కనుక ఇసుక కలుపుతాము. పువ్వు రాలినాక కోసి, ఎండబెట్టి, కొట్టి నూనె ఆడిస్తాము. కవి రైలులో ఉన్నాడు. నేనొక్కణ్ణే చుట్టాన్ని అన్నాడు. చుట్టమైతే బండి దిగాలి కదా.' ఇలా సాగింది.

నేను ఎర్ర పెన్నుతో 'కవితకు సంబంధం లేని విషయం' అని రాసి, పదికి మూడు వేశాను. ఆ సాయంత్రం నాకు తప్పు చేశానన్న బాధ లేదు. ఒక పద్ధతిని నిలబెట్టానన్న తృప్తి ఉంది. అంత తృప్తిగా ఉన్నందుకే ఇప్పుడు ఎక్కువ సిగ్గుపడతాను.

ఆ డిసెంబరులో మా లెక్చరర్లకి నగరంలో మూడు వారాల శిక్షణ పెట్టారు. ఒకరోజు మాట్లాడడానికి ఒక విమర్శకురాలు వచ్చారు. ఆవిడ వ్యాసాల మీద అప్పటికి చాలా గొడవ నడుస్తోంది. మా మాస్టారు ఆవిడ పేరెత్తితే ముఖం చిట్లించేవారు. "ఆవిడ కవితలు చదవదమ్మా, కవుల్ని బోనెక్కిస్తుంది" అనేవారు. అందుకని నేను వెనక వరసలో, ముందే చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ ఉపన్యాసమివ్వలేదు. అందరికీ ఒక్కో చీటీ ఇచ్చి, మేం తరగతిలో కవిత గురించి అడిగే ప్రశ్న ఒకటి రాయమన్నారు. చీటీలన్నీ పోగుచేసి వరసగా చదివారు. కవి ఏం చెబుతున్నాడు, ఎలా చెబుతున్నాడు, ఏ అలంకారం, ఏ ధ్వని. నా చీటీ కూడా అలాంటిదే.

"ఇంతమందిలో ఒక్కరు కూడా, కవి ఎక్కడ నిలబడి చూస్తున్నాడు అని అడగలేదు. ఆ చూపులో ఎవరు పడలేదు అని అసలే అడగలేదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. లేచి, అలా అడుగుతూ కూర్చుంటే కవితలో అందం మిగలదన్నాను. ఉదాహరణకని మాస్టారు చెప్పిన ఆరు పంక్తులూ అప్పజెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను.

"బాగుంది. చాలా బాగుంది. ఆ పొలం ఎవరిది?"

హాల్లో కొందరు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. టీ విరామంలో ఆవిడ ఒంటరిగా దొరికితే వెళ్ళి చెప్పాను. "మా తరగతిలో ఒక అమ్మాయి ఇదే అడిగిందండీ."

"మీరేమన్నారు?"

"కవిత బయటి విషయం అన్నాను."

"మార్కులు?"

చెప్పాను. తిడతారనుకున్నాను, లేకపోతే గెలిచినట్టు ఒక నవ్వు నవ్వుతారనుకున్నాను. రెండూ చెయ్యలేదు. కప్పులో మిగిలిన టీ తాగి, "ఆ పేపరు పారేయకండి. తీరిగ్గా ఇంకోసారి చదవండి" అని వెళ్ళిపోయారు.

కాలేజీకి తిరిగొచ్చి బీరువాలోంచి ఆ పేపరు తీసి చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకు కనిపించింది వలిసెల సాగు. ఈసారి 'బండి దిగాలి కదా' అన్న చోట ఆగిపోయాను. అది కవితకి సంబంధం లేని విషయం కాదు. 'రైలు', 'చుట్టం' అన్న రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి మాత్రమే రాయగల మాట. మాస్టారు నాకు నేర్పింది సరిగ్గా అలా చూడమనే. నేను ఆయన చెప్పిన అర్థం పట్టుకున్నాను, ఆ పిల్ల ఆయన పేరైనా తెలియకుండా ఆయన పద్ధతి పట్టుకుంది.

మార్కులు అప్పటికే యూనివర్సిటీకి వెళ్ళిపోయాయి. ఆ వారం ఆ అమ్మాయి కాలేజీకి రావడం లేదు. పొలం పనులని తోటి పిల్లలు చెప్పారు. ఆదివారం జీపులో కొంత దూరం, నడిచి కొంత దూరం వెళ్ళాను. సాలూరులో పుట్టినదాన్ని, కొండమీది ఒక ఊరికి పనిమాలా వెళ్ళడం అదే మొదటిసారి.

ఇంటి ముందు టార్పాలిన్ పరిచి, ఎండిన వలిసె కట్టల్ని కర్రతో కొడుతున్నారు తల్లీకూతుళ్ళు. నన్ను చూసి తల్లి కంగారుపడింది.

"ఏటమ్మా, మా గుంట ఏటి సేసింది? రెండ్రోజుల్లో పంపిత్తానమ్మా, ఈ పని అయిపోతే."

"మీ అమ్మాయి ఏమీ చెయ్యలేదమ్మా. నేనే ఒక తప్పు చేశాను. అది చెప్పడానికొచ్చాను."

ఆవిడకి అర్థం కాలేదు. కూతురు వాళ్ళ భాషలో చాలాసేపు చెప్పింది. మధ్యలో 'రైలు' అన్న మాట నాకూ తెలిసింది. తల్లి కర్ర పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఎవులూ జల్లకపోతే ఎలా మొలుత్తాదమ్మా? ఆ బాబు ఎప్పుడొచ్చినాడు ఇటు?"

"రాలేదమ్మా. రైల్లోంచి చూశాడు."

"అయితే ఆ బాబుది తప్పేటుంది? జల్లినప్పుడు సూసుంటే మమ్మల్ని సూసును. పూసినప్పుడు సూసినాడు. అప్పుడు మేం సేలో ఉండం కదా."

నేను చదివిన విమర్శలో ఎవరూ ఆ కవిని అంత తేలిగ్గా క్షమించలేదు, అంత సూటిగా పట్టుకోనూ లేదు.

అమ్మాయి మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "మార్కులు మారుత్తారా మేడమ్?" అని అడిగింది.

"పంపించేశారమ్మా. నేనిప్పుడు మార్చలేను."

"మరి?"

"నీ జవాబు నేను సరిగ్గా చదవలేదు. ఆ మాట నీకు ఎదురుగా చెబుదామని."

"సరే మేడమ్" అంది. అని మళ్ళీ కర్ర అందుకుంది. ఆ 'సరే'లో క్షమించడం ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను. తల్లి నాకు రాగి అంబలి ఇచ్చింది. చేట తీసుకుని చెరగబోతే సగం గింజలు నేలపాలు చేశాను. ఆవిడ నవ్వుతూ చేట లాక్కుంది.

మరుసటి నవంబరులో మాస్టారు ఫోన్ చేశారు. రిటైరయ్యారు, కూతురి కుటుంబంతో అరకు చూడడానికి వస్తున్నారు. ఒక గంట మా పిల్లలకి పాఠం చెప్పమని అడిగాను. వెంటనే ఒప్పుకున్నారు. ఏ కవిత చెబుతారో అడగలేదు, కానీ నాకు తెలుసు. ఆ అమ్మాయి అప్పటికి ఫైనలియర్. ఈ సంగతంతా ఆయనకి ముందే చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుమిట్టాడాను. చెప్పలేదు.

ఆయన కొంచెం వంగిపోయారు, కానీ సుద్ద పట్టుకోగానే పాత మనిషే. ఆరు పంక్తులూ రాశారు. పెళ్ళి, తెర, మంచు. పిల్లలు కదలకుండా విన్నారు. నేను వెనక బెంచీలో కూర్చుని ఆ అమ్మాయి వీపు చూస్తున్నాను. 'విత్తని' దగ్గరికి వచ్చి, మనిషి చెయ్యి పడని అందం అనగానే ఆమె లేచింది.

"సార్, వీటిని మేము జల్లుతాం."

మాస్టారు నవ్వి, దయగానే అన్నారు. "అది నిజమేనమ్మా. కానీ అది కవిత బయటి నిజం."

"బయటిది కాదు సార్. అయిదో పంక్తిలో ఉంది."

మాస్టారు బోర్డు వైపు తిరిగారు. వేలితో అయిదో పంక్తి దాకా లెక్కపెట్టారు. తరవాత, "నువ్వు చదువు" అన్నారు.

ఆమె కింది నుంచి చదివింది. ముందు చుట్టం, తరవాత రైలు, ఆఖరున ఎవరూ విత్తని పసుపు. "అరనిమిషం చూసినవాడికి ఎవరూ విత్తలేదనే అనిపిస్తాది సార్. ఆయన అబద్ధం సెప్పలేదు. తను రైల్లో ఉన్నానని ఆయనే రాసుకున్నాడు. కానీ గైడులో, మనిషి చెయ్యి పడని అందం అని రాశారు. అది మాత్రం అబద్ధం."

ఆ గైడు ఆ వాక్యం ఎక్కడినుంచి తెచ్చుకుందో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. నేను తల దించుకున్నాను.

"ఆ మాట నాదేనమ్మా" అన్నారు మాస్టారు. "నా వ్యాసంలోంచి తీసుకున్నారు."

ఆమె కంగారుపడింది. "సారీ సార్" అంది.

"సారీ ఎందుకు? ముప్ఫై ఏళ్ళు ఈ కవిత చెప్పాను. మొదటి పంక్తినీ అయిదో పంక్తినీ ఎదురెదురుగా పెట్టి చూడలేదు. ఇలా చూడమని అందరికీ చెప్పినవాణ్ణే." ఆయన కుర్చీలో కూర్చున్నారు. మళ్ళీ వెంటనే లేచారు. పట్టు వదిలే మనిషి కాదు. "అయితే ఒక్కటి చెప్పు. నువ్వు దీన్ని పట్టుకున్నది మీ అమ్మ జల్లడం చూసినందువల్లా, లేక అయిదో పంక్తి చదివినందువల్లా?"

ఆమె ఆలోచించింది. "రెండూ సార్. మా అమ్మ వల్ల కోపం వచ్చింది. కోపం వచ్చాక మళ్ళీ సదివాను."

మాస్టారు ఆ మాటని తన చిన్న పుస్తకంలో రాసుకున్నారు. సభల్లో పెద్దపెద్ద కవులు మాట్లాడుతుంటే కూడా ఆయన ఆ పుస్తకం తీయగా నేను చూడలేదు.

కారు దాకా నడుస్తూ, "నువ్వు ముందే చెప్పొచ్చు కదా" అన్నారు.

"భయమేసింది మాస్టారూ."

"నేను బాధపడతాననా?"

"లేదండీ. మీరు సమాధానం సిద్ధం చేసుకుని వస్తారని."

ఆయన గట్టిగా నవ్వారు.

రెండు నెలలకి ఒక పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. తన పాత వ్యాసంలోని తప్పుని తనే చూపించి, 'ఒక విద్యార్థిని' తనకి ఆ కవిత మళ్ళీ చదవడం నేర్పిందని రాశారు. ఆయన శిష్యుల్లో కొందరు, పెద్దాయన మెత్తబడిపోయారన్నారు. ఆ విమర్శకురాలి వైపువాళ్ళు, ఇన్నాళ్ళకి మా దారికొచ్చారన్నారు. నాకు రెండూ సరికాదనిపించింది. ఆయన తన దారిలోనే ఇంకొంచెం ముందుకి వెళ్ళారు. ఆ దారి ఆవిడ దారిని కలిసింది, అంతే.

పత్రిక తీసుకెళ్ళి ఆ అమ్మాయికి చూపించాను. సంతోషిస్తుందనుకున్నాను. రెండుసార్లు చదివింది.

"బాగా రాశారు మేడమ్. నా పేరు వేస్తే బావుండేది."

ఈ మాట మాస్టారికి చేరవేశాను. పేరు తీసేసి చదవడం నేర్పినవాణ్ణి, అలవాటు పోలేదన్నారు ఆయన. ఎప్పుడూ తడుముకోని మనిషి, ఆ మాట తడుముకుంటూ అన్నారు. ఆమె తరవాత ఎం.ఎ. చేసింది, బి.ఎడ్. చేసింది, ఇప్పుడు గుమ్మలక్ష్మీపురం దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతోంది. ఇది రాసేముందు, నీ పేరు వెయ్యనా అని ఫోన్ చేసి అడిగాను. "ఇప్పుడొద్దు మేడమ్. నేను కూడా రాసుకుంటన్నాను. నా పేరు నేనే వేసుకుంటాను" అంది.

ఆ తరవాత నేనూ పాఠ్యప్రణాళికల సంఘంలోకి వెళ్ళాను. ప్రశ్న మార్చాలని ఒక రోజంతా వాదించాను. ఆఖరికి దక్కింది సగం: పాత ప్రశ్న అలాగే ఉంది, దాని కింద 'లేదా' అని పెట్టి, 'ఈ కవిత ఎవరి చూపులోంచి చెప్పబడింది? ఆ చూపుకి అందనిదేమిటి?' అని చేర్చారు. మొదటి ఏడు ఆ 'లేదా'ని ఎవరూ ముట్టుకోలేదు. మూడో ఏటికి గైడుల్లో దానికీ జవాబు వచ్చేసింది. ఇప్పుడు అందరూ అదే రాస్తున్నారు.

అదే నాకు కొత్త తలనొప్పి. కిందటి ఏడాది ఒక కొండకవిత ఇచ్చి రాయమంటే, తరగతిలో సగంమంది 'కవి మైదాన ప్రాంతంవాడు కనుక అతనికి మా జీవితం తెలియదు' అని మొదలుపెట్టి అక్కడే ముగించారు. కవితలో ఏముందో ఒక్క ముక్క లేదు. ఇంకా విచిత్రమేమిటంటే ఆ కవి కొండమీదివాడే. వాళ్ళని కోప్పడబోయి ఆగాను. బి.ఎ.లో నేను రాసిన 'మృదుమధురము' ఇంకో రూపంలో తిరిగొచ్చింది. కవి ఊరుపేరు తెలిస్తే చాలు, కవిత అక్కర్లేదు. చుట్టూ తిరిగి మొదటికే వచ్చామా అని భయమేసింది. మాస్టారు బతికుంటే ఆయనకే ఫోన్ చేసేదాన్ని. ఆయన పోయి రెండేళ్ళయింది. అందుకని నా పాత విద్యార్థినికి చేశాను.

"మీరు ఎవరి పక్షం మేడమ్?" అంది నవ్వుతూ.

"తెలియడం లేదమ్మా. సుద్ద పట్టుకుంటే మాస్టారిలా మొదలుపెడతాను, సగంలో ఆ విమర్శకురాలిలా అడుగుతాను."

"అలాగే కానీండి. మా బడిలో నేనూ అంతే సేత్తన్నాను" అని, గంట కొట్టారు మేడమ్ అని పెట్టేసింది.

పోయిన నెలలో ఒక చిన్న పత్రికలో ఈ కొండలకి చెందిన ఒక యువతి రాసిన కవిత దొరికింది. తెలుగులోనే ఉంది, మధ్యలో రెండు మూడు మాటలు వాళ్ళ భాషవి. కింద అర్థాలు ఇవ్వలేదు. నిఘంటువులో దొరకవు. బోర్డు మీద రాసి, ఈ మాటలు నాకు తెలియవని పిల్లలకి చెప్పాను. వాళ్ళు ముందు నమ్మలేదు. తరవాత ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. రెండు మాటలకి అర్థం వెంటనే తేలింది. మూడోదానికి ఒక అమ్మాయి 'ఆకలి' అంది. పక్క లోయ నుంచి వచ్చే ఇంకో అమ్మాయి, కాదు, అది ఎదురుచూడడం అంది. గూడెం కొత్తవీధి వైపు నుంచి వచ్చిన అబ్బాయి, మా దగ్గర ఆ మాట చిన్నపిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడే అంటారన్నాడు. ఏ అర్థం పెడితే ఆఖరి పంక్తి ఎలా మారుతుందో ఒక్కొక్కరినే చదివి చూపించమన్నాను. చదివారు. మూడుసార్లూ కవిత నిలబడింది, మూడుసార్లూ వేరే కవిత అయింది. నేను ముందు బెంచీలో పిల్లల పక్కన కూర్చుని రాసుకుంటున్నాను. గంట కొట్టినా ఆ మూడో మాట తేలలేదు.